నల్లమందుకూ తుపాకీకీ పొత్తు ఎలా కుదురుతుంది: షాన్ కొండల నుంచి మన ఏజెన్సీ దాకా

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో రెండు కంటెయినర్లు పట్టుకున్నారు. కాగితాల మీద అవి టాల్కం రాళ్లు. లోపల దాదాపు 3,000 కిలోల హెరాయిన్. అఫ్ఘానిస్తాన్‌లో బయల్దేరి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చిన ఆ సరుకును దిగుమతి చేసుకుంటున్నట్టు రాసి ఉన్న కంపెనీ అడ్రసు విజయవాడది. ఆ వారమంతా మన దగ్గర ఇదే చర్చ. తర్వాత కేసు ఎన్ఐఏ చేతికి వెళ్లింది, "నార్కో టెర్రరిజం" అనే మాట టీవీల్లో రోజూ వినపడింది. మూడేళ్లు తిరిగాక 2024 నవంబరులో అండమాన్ దగ్గర సముద్రంలో మయన్మార్ చేపల పడవ ఒకటి పట్టుబడింది, అందులో ఐదున్నర టన్నులకు పైగా మెథాంఫెటమైన్. మళ్లీ అదే మాట.

మాట అందరికీ నోరు తిరిగింది కానీ విషయం మాత్రం చిక్కుపడే ఉంది. తిరుగుబాటుదారులు డ్రగ్స్ అమ్ముతారా, లేక డ్రగ్స్ అమ్మేవాళ్లే తిరుగుబాటు పేరు పెట్టుకుంటారా? డ్రగ్స్ ఆపితే యుద్ధం ఆగుతుందా, యుద్ధం ఆగితే డ్రగ్స్ ఆగుతాయా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి నాకు తెలిసినంతలో మంచి చోటు మన పొరుగునే ఉన్న మయన్మార్, అందులోనూ దాని తూర్పు కొండల్లోని షాన్ రాష్ట్రం. ఎందుకంటే అక్కడ ఈ పొత్తుకు డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, ఎన్ని రకాలుగా మలుపు తిరగవచ్చో అన్ని రకాలుగానూ తిరిగింది.

ముందు మాటలు తేల్చుకుందాం

మన వంటింట్లో గసగసాలు ఉంటాయి కదా, ఆ మొక్కే ఇది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు సాయంత్రం పూట దానికి గాట్లు పెడతారు, పాలు కారి రాత్రంతా ఆరి ముదురు గోధుమ రంగు జిగురులా తయారవుతాయి, పొద్దున్నే గీకి తీస్తారు. అదే నల్లమందు. దాన్నుంచి మార్ఫిన్ తీసి, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనంతో వండితే హెరాయిన్. సుమారుగా పది కిలోల నల్లమందుకు ఒక కిలో హెరాయిన్ వస్తుంది. మెథాంఫెటమైన్, అంటే మెథ్, దీనికి భిన్నం. అది పూర్తిగా రసాయనాలతో చేసేది, పొలమే అక్కర్లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది. ఇక గంజాయి సంగతి మనకు చెప్పక్కర్లేదు.

సాయుధ తిరుగుబాటు అంటే కొంత భూభాగం మీద ప్రభుత్వ అధికారాన్ని కాదని, ఆయుధాలతో, ఏదో ఒక రాజకీయ లక్ష్యంతో పోరాడటం. అది స్వతంత్ర దేశం కావచ్చు, స్వయంపాలన కావచ్చు, విప్లవం కావచ్చు. డ్రగ్ ముఠాకు అలాంటి లక్ష్యం ఉండదు, దానికి కావలసింది లాభం. చెప్పుకోవడానికి ఇంత తేలికగా ఉంది గానీ నేల మీద ఈ రెండూ కలిసిపోతాయి, విడిపోతాయి, ఒకే మనిషి పొద్దున ఇది, సాయంత్రం అది అయిన సందర్భాలూ ఉన్నాయి. "నార్కో టెర్రరిజం" అనే మాటను 1983లో పెరూ అధ్యక్షుడు ఫెర్నాండో బెలాందే వాడకంలోకి తెచ్చారు. అప్పట్లో ఆయన మాట్లాడింది డ్రగ్స్ నిరోధక పోలీసుల మీద జరుగుతున్న దాడుల గురించి. తర్వాత ఆ మాట అర్థం సాగుతూ పోయి, ఇప్పుడు డ్రగ్సూ తుపాకీ ఒకచోట కనపడితే చాలు వాడేస్తున్నారు. పేరు పెట్టగానే విషయం అర్థమైపోయినట్టు అనిపిస్తుంది, నా ఫిర్యాదు అదే.

కొండ మీది రైతు నల్లమందే ఎందుకు వేస్తాడు

ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం లెక్కల్లో 2023లో మయన్మార్‌లో 47,100 హెక్టార్లలో నల్లమందు సాగైంది, దిగుబడి 1,080 టన్నులు. అంటే హెక్టారుకు 23 కిలోలు, మన లెక్కలో ఎకరానికి తొమ్మిది కిలోలు. ఈ తొమ్మిది కిలోలు అనే అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎకరం పంట మొత్తం ఒక మనిషి భుజాన వేసుకుని నడిచి వెళ్లగలిగినంత బరువు. క్యాబేజీ వేస్తే లారీ కావాలి, లారీకి రోడ్డు కావాలి, రోడ్డు మీద ఎవరూ కాల్చుకోకుండా ఉండాలి, సంతకు చేరేసరికి అది వాడిపోకుండానూ ఉండాలి. నల్లమందు ఆరబెట్టి దాచుకుంటే ఏళ్ల తరబడి చెడదు, బియ్యం కొనాల్సి వచ్చినప్పుడు కొంచెం అమ్ముకోవచ్చు, అంటే రైతుకు అదే బ్యాంకు. కొనేవాడు ఇంటి దగ్గరికే వస్తాడు, ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ సంవత్సరం కిలోకు రైతు చేతికి వచ్చిన సగటు ధర సుమారు 355 డాలర్లు.

యుద్ధం నల్లమందును పెంచే తీరు ఇదే, ఇందులో కుట్ర ఏమీ అక్కర్లేదు. యుద్ధం రోడ్లను మూయిస్తుంది, ఎరువుల ధర పెంచుతుంది, పట్నంలో ఉద్యోగాలు పోగొడుతుంది, కరెన్సీని కూలుస్తుంది. ఇవన్నీ జరిగాక కూడా పండించి అమ్ముకోగలిగిన పంట ఇదొక్కటే మిగులుతుంది. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైనిక కుట్ర జరిగాక సరిగ్గా ఇదే జరిగింది. తర్వాతి సీజన్లో సాగు మూడో వంతు పెరిగింది, ఆపై ఏడాది ఇంకా పెరిగి 2023లో ప్రపంచంలోనే అతి పెద్ద నల్లమందు ఉత్పత్తిదారు అయింది.

దళానికి డబ్బు ఏ మెట్టులో వస్తుంది

తిరుగుబాటు దళం డ్రగ్స్ "అమ్ముతుంది" అని మనం అనుకుంటాం. చాలా సందర్భాల్లో అమ్మదు. పన్ను వేస్తుంది. పొలం దగ్గర కొంత, సరుకు కొనే వ్యాపారి దగ్గర కొంత, వండే ల్యాబుకు కాపలా ఉన్నందుకు కొంత, సరిహద్దు దాటించినందుకు కొంత. ఎవరు ఏ మెట్టు మీద కూర్చున్నారన్నది బట్టే వాళ్ల స్వభావం మారుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన లోయే కానీ దిగుబడి, ధర పైన చెప్పినవే. లోయలో వెయ్యి ఎకరాలు ఉన్నాయి, తొమ్మిది వేల కిలోల నల్లమందు వస్తుంది. దళం పదో వంతు పన్ను తీసుకుంటుంది అనుకుందాం, అంటే 900 కిలోలు. కిలో మన డబ్బులో 29 వేలు వేసుకుంటే రెండు కోట్ల అరవై లక్షలు. దళంలో 500 మంది ఉంటే మనిషికి ఏడాదికి 52 వేలు. అన్నానికి, బూట్లకు, మందులకు సరిపోతుంది, తుపాకులకు చాలదు. ఇప్పుడు ఆ తొమ్మిది వేల కిలోలూ అదే లోయలో హెరాయిన్‌గా మారితే 900 కిలోల హెరాయిన్ అవుతుంది, దాని విలువ పచ్చి సరుకు కంటే ఎన్నో రెట్లు, అందులో చిన్న వాటా వచ్చినా దళం లెక్క మారిపోతుంది. అందుకే పొలం దగ్గర పన్ను తీసుకునే దళం రైతుల మీద ఆధారపడి ఉంటుంది, వాళ్లతో మంచిగా ఉండక తప్పదు. ల్యాబుకు కాపలా కాసే దళానికి రైతుతో పని తగ్గుతుంది, వ్యాపారితో పని పెరుగుతుంది. ఇంకో సంగతి, ఈ గొలుసులో అసలు లాభం కొండ దిగాకే ఉంది, సరిహద్దులు దాటేకొద్దీ పెరుగుతుంది, ఆ లాభం తీసుకునేవాళ్ల చేతిలో తుపాకీ ఉండదు, బ్యాంకు అకౌంట్లు ఉంటాయి.

షాన్ కొండల కథ: ఓడిపోయిన సైన్యంతో మొదలు

1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచాక, ఓడిపోయిన జాతీయవాద పార్టీ కొమింటాంగ్ సైన్యంలో కొంత భాగం యున్నాన్ నుంచి సరిహద్దు దాటి షాన్ కొండల్లోకి వచ్చింది. అమెరికా సీఐఏ వాళ్లకు రహస్యంగా సాయం చేసింది, వెనక్కి వెళ్లి చైనాతో పోరాడతారని. అది జరగలేదు. మిగిలిపోయిన సైనికులు బతకడానికి నల్లమందు రవాణా పట్టుకున్నారు, కంచరగాడిదల బారులు థాయ్‌లాండ్ వైపు నడిపించారు. వాళ్ల జనరల్ తువాన్ షి-వెన్ 1967లో ఒక విలేకరితో ఈ సంగతి దాపరికం లేకుండా చెప్పాడు: పోరాడాలంటే సైన్యం కావాలి, సైన్యానికి తుపాకులు కావాలి, తుపాకులు కొనడానికి డబ్బు కావాలి, ఈ కొండల్లో డబ్బంటే నల్లమందు ఒక్కటే అని. కమ్యూనిస్టుల మీద పోరాడేవాడు చెప్పిన ఈ మాటను కమ్యూనిస్టులు, షాన్ జాతీయవాదులు, ప్రభుత్వ మిలీషియాలు అందరూ తర్వాత ఆచరణలో పెట్టారు.

షాన్ ప్రజలకు సొంత ఫిర్యాదు ఉంది, అది నల్లమందు వల్ల పుట్టింది కాదు. 1947 ఫిబ్రవరిలో బర్మా నాయకులకూ షాన్ తదితర కొండ జాతుల నాయకులకూ మధ్య పాంగ్‌లాంగ్ ఒప్పందం కుదిరింది, స్వాతంత్ర్యం తర్వాత పదేళ్లకు కావాలంటే విడిపోయే హక్కు షాన్ రాష్ట్రానికి రాజ్యాంగంలో రాసిచ్చారు. పదేళ్లు గడిచాయి, హక్కు అందలేదు, 1958లో సాయుధ పోరాటం మొదలైంది. 1962లో జనరల్ నే విన్ అధికారం లాక్కున్నాక సమాఖ్య అనే మాటే లేకుండా పోయింది.

ఇక్కడ ఈ కథలో అందరూ దాటవేసే భాగం వస్తుంది. తిరుగుబాటును అణచడానికి సొంత సైన్యం చాలక, 1963 నుంచి ప్రభుత్వం స్థానిక మిలీషియాలను తయారు చేసింది, వాటిని కా క్వే యే అనేవారు. జీతం ఇవ్వడానికి డబ్బు లేదు, కాబట్టి ప్రభుత్వ రోడ్ల మీద, ప్రభుత్వం చేతిలో ఉన్న పట్టణాల గుండా నల్లమందు తోలుకోవడానికి అనుమతి ఇచ్చింది. బదులుగా తిరుగుబాటుదారులతో పోరాడాలి. ప్రపంచమంతా తర్వాత నల్లమందు రాజుగా పిలిచిన ఖున్ సా ఎదిగింది ఇలాంటి మిలీషియా నాయకుడిగానే. 1967లో అతని సరుకు మీద లావోస్ సరిహద్దులో కొమింటాంగ్ వాళ్లతో ఏకంగా యుద్ధమే జరిగింది. 1969లో ప్రభుత్వం అతన్ని జైల్లో పెట్టింది, అనుచరులు 1973లో ఇద్దరు సోవియట్ డాక్టర్లను ఎత్తుకుపోయి విడుదల బేరం పెట్టారు, మరుసటి ఏడాది అతను బయటికొచ్చాడు. అప్పటి నుంచి షాన్ స్వాతంత్ర్యం జెండా పట్టుకున్నాడు. 1996 జనవరిలో లొంగిపోయాడు. అమెరికా అప్పగించమని అడిగింది, తలకు 20 లక్షల డాలర్లు ప్రకటించింది, మయన్మార్ ఇవ్వలేదు. యాంగూన్‌లో హాయిగా ఉండి 2007లో చనిపోయాడు.

ఈ ఒక్క మనిషి జీవితంలో ప్రభుత్వ మిలీషియా, స్మగ్లర్, ఖైదీ, జాతీయ విమోచన నాయకుడు, ప్రభుత్వానికి అతిథి అన్నీ ఉన్నాయి. అతన్ని ఏ గడిలో పెట్టాలి?

కాల్పుల విరమణ జరిగితే డ్రగ్స్ తగ్గలేదు, పెరిగాయి

1989లో బర్మా కమ్యూనిస్టు పార్టీలో కింది సైనికులు తిరగబడ్డారు, వాళ్లలో ఎక్కువమంది వా తెగవాళ్లు. పార్టీ కుప్పకూలింది, యునైటెడ్ వా స్టేట్ ఆర్మీ పుట్టింది. సైనిక ప్రభుత్వం వెంటనే వాళ్లతో కాల్పుల విరమణ కుదుర్చుకుంది: మా మీద కాల్చకండి, మీ ప్రాంతంలో మీరు ఏం చేసుకున్నా మాకు పట్టదు. తర్వాత ఏళ్లలో నల్లమందు ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. తుపాకులు మౌనంగా ఉంటే లారీలు తిరుగుతాయి, ల్యాబులు పెట్టుకోవచ్చు, పెట్టుబడి వస్తుంది. శాంతి వచ్చింది కానీ చట్టం రాలేదు, డ్రగ్ వ్యాపారికి అంతకంటే మంచి రోజులు లేవు.

ఇవాళ వా సైన్యం దగ్గర ఇరవై నుంచి ముప్పై వేల మంది ఉంటారని అంచనా. 2003లో అమెరికా దీన్ని డ్రగ్ రవాణా సంస్థల జాబితాలో పెట్టింది. 2005లో వా నాయకత్వం తమ ప్రాంతంలో నల్లమందు సాగును నిషేధించి నిజంగానే అమలు చేసింది, చైనా ఒత్తిడి కూడా ఉంది. సాగు చేసిన కుటుంబాలు ఆకలితో అల్లాడాయి, చైనా వ్యాపారుల రబ్బరు తోటల్లో కూలీలయ్యారు. షాన్ రాష్ట్రం నుంచి డ్రగ్స్ మాత్రం ఆగలేదు. రూపం మారింది.

పొలం అక్కర్లేని డ్రగ్ వచ్చాక

మెథ్ మాత్రల్ని థాయ్‌లాండ్‌లో యాబా అంటారు, పిచ్చి మందు అని అర్థం. దీనికి వాన అక్కర్లేదు, సీజన్ అక్కర్లేదు, ఉపగ్రహం నుంచి కనపడే పూల పొలం లేదు. రసాయనాలు, కరెంటు, తెలిసిన కెమిస్టు, పోలీసులు రాలేని ఒక షెడ్డు చాలు. 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య షాన్ రాష్ట్రంలో జరిగిన దాడుల్లో 19 కోట్లకు పైగా మాత్రలు దొరికాయి. మరుసటి ఏడాది అక్టోబరులో పక్కనే లావోస్‌లో ఒకే లారీలో, బీరు డబ్బాల మధ్య, ఐదున్నర కోట్ల మాత్రలు పట్టుకున్నారు. ఇన్ని దొరికినా వీధిలో ధర పెరగలేదంటే తయారీ ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు.

రాజకీయంగా ఈ మార్పు చాలా పెద్దది, నా దృష్టిలో మొత్తం విషయంలో ఇదే ముఖ్యం. నల్లమందు కాలంలో ప్రభుత్వం పంట నరికితే రైతు దళం వైపు చూసేవాడు, దళం కాపాడితే దానికి జనంలో పలుకుబడి వచ్చేది. ఈ మధ్య కొందరు పరిశోధకులు గట్టిగా చెప్పేదీ ఇదే, డ్రగ్స్ దళానికి ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు, జనాదరణ కూడా. పంట నరకడం వల్ల దళం ఆదాయం తగ్గకపోగా దళానికి మనుషులు పెరుగుతారు అన్నది వాళ్ల వాదన. మెథ్‌లో ఆ బంధమే లేదు. వేల మంది రైతుల చేతికి వచ్చే డబ్బు పదిమంది వ్యాపారుల చేతికి వస్తుంది. కొండ మీది పల్లెకు మిగిలేది ఆ మాత్రలకు అలవాటు పడ్డ పిల్లలే. తాంగ్ జాతి దళం లాంటివి తమ ప్రాంతంలో డ్రగ్స్ వ్యతిరేక ప్రచారాన్నే జెండాగా చేసుకోవడానికి కారణం ఇదే.

ఈ గొలుసులో మన దేశానికీ భాగం ఉంది. జలుబు మాత్రల్లో వాడే సూడోఎఫిడ్రిన్ మెథ్‌కు ముడిసరుకు. మన ఫార్మా కంపెనీల నుంచి దారి మళ్లిన మాత్రలు మణిపూర్, మిజోరం సరిహద్దుల గుండా మయన్మార్ వెళ్లడం ఏళ్లుగా జరుగుతోంది, 2013లో ఇలాంటి సరుకుతో ఒక సైనికాధికారే మణిపూర్‌లో అరెస్టయ్యారు. మాత్రలు అటు వెళ్తాయి, యాబాగా ఇటు వస్తాయి.

అదే రక్షణను అద్దెకిచ్చే వ్యాపారం ఇప్పుడు డ్రగ్స్ దాటి పోయింది. థాయ్ సరిహద్దులోని మ్యావడీలో సైబర్ మోసాల కేంద్రాలు నడిచింది సాయుధ మిలీషియాల నీడలోనే. ఐటీ ఉద్యోగం అని నమ్మి వెళ్లి అక్కడ చిక్కుకున్న వాళ్లలో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు, 2025లో వైమానిక దళ విమానాల్లో కొందరిని వెనక్కి తెచ్చారు. సరుకు మారింది, అద్దె మారలేదు.

ఎవరి వాదన ఎంతవరకు నిలబడుతుంది

భద్రతా సంస్థలు ఎక్కువగా చెప్పే వాదన సూటిగా ఉంటుంది: డ్రగ్ డబ్బే తిరుగుబాటుకు ఊపిరి, దాన్ని కోస్తే తిరుగుబాటు చస్తుంది. ఇందులో నిజం ఉంది, డబ్బు లేకుండా ఏ దళమూ ఇరవై వేల మందిని పోషించలేదు. దీనికి ఎదురు వాదన, మూలం ఫిర్యాదులో ఉంది, డ్రగ్స్ కాకపోతే కలప, జేడ్ రాళ్లు, రోడ్డు పన్ను, ఏదో ఒకటి దొరుకుతుంది అంటుంది. మూడోది, ఈ వ్యాపారంలో ప్రభుత్వాలూ సైన్యాలూ కూడా వాటాదారులే కాబట్టి తిరుగుబాటుదారుల పేరు ఒక్కటే చెప్పడం సగం నిజం అంటుంది. షాన్ చరిత్ర చూశాక ఈ మూడోదాన్ని పక్కన పెట్టడం నాకు సాధ్యం కావడం లేదు.

వాదనల్ని పరీక్షించడానికి రెండు దేశాలున్నాయి. అఫ్ఘానిస్తాన్‌లో తాలిబాన్ల ఖజానా అంతా నల్లమందే అని ఇరవై ఏళ్లు చెప్పుకున్నాం, అక్కడ పొలం పన్నుకు ఉష్ర్ అని పేరు, పదో వంతు, నా లెక్కలో వాడింది అదే. అమెరికా అక్కడ డ్రగ్స్ నిరోధానికి 800 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది, 2017లో ల్యాబుల మీద బాంబులు కూడా వేసింది, అదే ఏడాది సాగు 3,28,000 హెక్టార్లకు చేరి రికార్డయింది. తర్వాత నిమ్రోజ్ సరిహద్దులో జరిగిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే అక్కడ తాలిబాన్లకు డ్రగ్స్ కంటే డీజిలు, మామూలు సరుకుల లారీల మీద వేసే పన్నే ఎక్కువ. ఇక 2022 ఏప్రిల్‌లో, అధికారంలోకి వచ్చాక, తాలిబాన్లే నల్లమందును నిషేధించారు. సాగు 2,33,000 హెక్టార్ల నుంచి ఒక్క ఏడాదిలో 10,800కు పడిపోయింది. నల్లమందే ప్రాణమైతే దాన్ని కోసుకున్నా వాళ్ల ప్రభుత్వం ఎలా నిలబడింది? పైగా నష్టం ఎవరికంటే రైతులకు, వాళ్ల ఆదాయం 136 కోట్ల డాలర్ల నుంచి 11 కోట్లకు జారింది. పాత నిల్వలున్న పెద్ద వ్యాపారులకు ధర పెరిగి కలిసొచ్చింది.

కొలంబియాది ఇంకో దిక్కు. ఫార్క్ గెరిల్లాలు 2016లో శాంతి ఒప్పందం చేసుకుని మరుసటి ఏడాది ఆయుధాలు అప్పగించారు. 2017లో అక్కడ కొకైన్‌కు ముడిసరుకైన కోకా సాగు 1,71,000 హెక్టార్లు, 2023కి 2,53,000. ఫార్క్ ఖాళీ చేసిన లోయల్లోకి ప్రభుత్వం కంటే ముందు వేరే ముఠాలు వచ్చాయి. అంటే ఒకచోట డ్రగ్స్ పోయినా దళం నిలబడింది, ఇంకోచోట దళం పోయినా డ్రగ్స్ పెరిగాయి. ఒకటి కోస్తే రెండోది రాలిపోతుందనే లెక్క రెండు చోట్లా తప్పింది.

మణిపూర్‌లో ఈ మాట చేసిన పని

మయన్మార్‌తో మన సరిహద్దు 1,643 కిలోమీటర్లు. మణిపూర్ కొండల్లో గసగసాల సాగు ఉంది, రాష్ట్ర ప్రభుత్వం 2018 నుంచి "వార్ ఆన్ డ్రగ్స్" పేరుతో పొలాలు నరికింది. 2023 మే 3న మెయితీ, కుకీ-జో వర్గాల మధ్య హింస మొదలయ్యాక "నార్కో టెర్రరిస్టులు" అనే మాట ఒక వర్గం మొత్తానికి అంటుకుంది. సరిహద్దు దాటి వచ్చిన వాళ్లు, నల్లమందు డబ్బు, సాయుధ ముఠాలు కలిసి అడవిని ఆక్రమిస్తున్నాయి అన్నది ఒక వాదన. పేద రైతుల్ని చూపించి పెట్టుబడిదారుల్నీ రాజకీయ అండనూ దాచిపెడుతున్నారు, సాగు ఒక్క తెగకే పరిమితం కాదు అన్నది కుకీల జవాబు. సరిహద్దు వెంట డ్రగ్స్ మీద సాయుధ సంస్థలు వసూళ్లు చేయడం నిజమే. కానీ పొలంలో గాట్లు పెట్టే మనిషికీ, పన్ను వేసే దళానికీ, పెట్టుబడి పెట్టే వ్యాపారికీ ఒకే పేరు పెట్టినప్పుడు శిక్ష పడేది మొదటివాడికే.

మన ఏఓబీ: దళం తగ్గింది, గంజాయి సంగతి?

ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి ఉంది, చాలా ఏళ్లు మావోయిస్టులూ ఉన్నారు. బలిమెల రిజర్వాయర్ అవతల 150 దాకా ఊళ్లు దశాబ్దాల పాటు పడవ తప్ప దారి లేకుండా ఉండిపోయాయి, దాన్ని కటాఫ్ ఏరియా అనేవాళ్లు. 2008 జూన్‌లో అదే రిజర్వాయర్‌లో పడవ మీద జరిగిన దాడిలో గ్రేహౌండ్స్ సహా 38 మంది చనిపోయారు. 2018లో గురుప్రియ వంతెన వచ్చాక గానీ అక్కడికి బండి వెళ్లలేదు. షాన్ కొండల గురించి చెప్పిందంతా, రోడ్డు లేకపోవడం, బరువు తక్కువ విలువ ఎక్కువ ఉన్న పంట, అడ్వాన్సు పట్టుకుని ఇంటికే వచ్చే దళారి, ఇక్కడా చిన్న సైజులో ఉంది. విత్తనం, పెట్టుబడి మైదాన ప్రాంతాల నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ వస్తుంది, శీలావతి రకానికి దేశమంతా గిరాకీ.

మావోయిస్టులు గంజాయి మీద పార్టీ ఫండ్ వసూలు చేస్తున్నారని పోలీసులు ఏళ్ల తరబడి చెప్పారు. మావోయిస్టులు దాన్ని కాదన్నారు. ఎవరి మాట ఎంత నిజమైనా కాలమే ఒక పరీక్ష పెట్టింది. 2021 అక్టోబరు చివర మొదలైన ఆపరేషన్ పరివర్తనలో ఏపీ పోలీసులు ఏడున్నర వేల ఎకరాలకు పైగా తోటలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఈ నాలుగైదేళ్లలో ఏఓబీలో దళాలు బాగా కుంచించుకుపోయాయి. మన వైపు సాగు తగ్గింది కూడా. కానీ ఒడిశా వైపు మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల నుంచి సరుకు ఇప్పటికీ మన రోడ్ల మీదుగానే హైదరాబాద్, మహారాష్ట్ర, తమిళనాడు వైపు వెళ్తోంది, దాన్ని పట్టుకోవడానికే రెండు తెలుగు రాష్ట్రాలూ ఈగల్ పేరుతో ప్రత్యేక దళాలు పెట్టుకున్నాయి. దళం కాపలా లేకపోయినా ఈ సరుకు నడుస్తోందంటే దీన్ని ఇన్నాళ్లూ నడిపించింది ప్రధానంగా దళమే అనడం కష్టం.

మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష. బస్సుల్లో, రైళ్లలో బ్యాగుతో దొరికేది ఎక్కువగా కూలికి మోసే కుర్రాళ్లు, వాళ్లలో ఏజెన్సీ పిల్లలూ ఉంటారు. సరుకుకు డబ్బు పెట్టినవాడి ఊరు వేరే. తోట నరికిన చోట కాఫీ, మిరియాలు, పసుపు వేయిస్తున్నారు, అది మంచి పనే. గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది, దానికి దళారి ముందే డబ్బిస్తాడు. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ మూడు నాలుగేళ్లూ ఆ ఇంటికి అడ్వాన్సు ఎవరిస్తారన్నది ఇంకా ఆ కొండల్లో తేలని లెక్క.